వేప్ పట్టే పిల్లలెవరు? అంతమంది ఎందుకయ్యారు?

2018లో ఒక శనివారం, డల్లాస్‌లో ఉండే మా అక్క బట్టలు మెషీన్‌లో వేస్తూ కొడుకు జీన్స్ జేబులు తడిమింది. రెండు వస్తువులు దొరికాయి. ఒకటి వేలెడు పొడుగున, పలకగా, నల్లగా ఉన్న కడ్డీ. రెండోది యూఎస్‌బీ మొన ఉన్న చిన్న బిళ్ల. పెన్‌డ్రైవ్ కాబోలు అనుకుని ఆ బిళ్లని ల్యాప్‌టాప్‌కి పెట్టింది. ఫోల్డరేదీ తెరుచుకోలేదు. కడ్డీని దాని దగ్గరికి తీసుకెళ్తే అయస్కాంతంలా టక్కున అతుక్కుని చిన్న లైటు వెలిగింది. వాసన చూస్తే మామిడిపండు. వాడికప్పుడు పదిహేనేళ్లు. మా ఇంట్లో తాతయ్య తర్వాత పొగ తాగినవాళ్లు లేరు. అక్క నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "వీడికిది ఎవరు నేర్పి ఉంటార్రా?"

ఆ కడ్డీ పేరు జూల్. ఈ-సిగరెట్లలో ఒక రకం, వాడుకలో వేప్ అంటారు. పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్ కలిపిన ద్రవాన్ని వేడిచేసి, ఆ ఆవిరి పీల్చే పరికరం. స్టాన్‌ఫర్డ్‌లో డిజైన్ చదువుకున్న జేమ్స్ మోన్సీస్, ఆడమ్ బోవెన్ తయారుచేస్తే 2015లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ఆ దేశంలో ఏటా జరిగే ప్రభుత్వ సర్వే ఒకటుంది. గత ముప్పై రోజుల్లో ఒక్కసారైనా ఈ-సిగరెట్ తాగావా అని స్కూలు పిల్లల్ని అడుగుతారు. 2011లో హైస్కూల్ పిల్లల్లో 1.5 శాతం తాగామన్నారు. 2017కి అది 11.7 శాతమైంది. అక్కకి కడ్డీ దొరికిన ఏడాది 20.8, మరుసటి ఏడాది 27.5. "అందరి దగ్గరా ఉందమ్మా" అని మా మేనల్లుడు తల్లికి చెప్పిన సమాధానంలో అతిశయోక్తి ఉంది గానీ, పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయడానికి లేదు.

అక్క అడిగిన ప్రశ్ననే పరిశోధకులు ఇంకాస్త పద్ధతిగా, వేలమంది పిల్లల్ని కూర్చోబెట్టి అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి నూటికి పైగా దేశాల్లో 13–15 ఏళ్ల విద్యార్థుల మీద పొగాకు సర్వేలు చేయిస్తుంటాయి. వాటిలోనూ, విడిగా జరిగిన అధ్యయనాల్లోనూ ఇంచుమించు ఒకే రకం జవాబులు వస్తాయి. అప్పటికే సిగరెట్ తాగే పిల్లలకి వేప్ పట్టే అవకాశం అందరికన్నా ఎక్కువ. స్నేహితులు తాగితే ఎక్కువ, ఇంట్లో నాన్నో అన్నో తాగితే ఎక్కువ. చేతిలో పాకెట్ మనీ ఆడే పిల్లల్లో ఎక్కువ, ప్రకటనలు కంటపడ్డవాళ్లలో ఎక్కువ. దిగులు, ఆందోళన ఉన్నవాళ్లు, "ఇది సిగరెట్ అంత ప్రమాదమేం కాదులే" అనుకునేవాళ్లు, ముందువెనకలు చూడకుండా దూకే స్వభావం ఉన్నవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. చాలా దేశాల్లో ఆడపిల్లల కన్నా మగపిల్లలు ముందుంటారు. అలాగని అది లోకధర్మమేమీ కాదు. న్యూజిలాండ్‌లో పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో అమ్మాయిలే ముందున్నారు, వాళ్లలోనూ అక్కడి మూలవాసులైన మావొరీ అమ్మాయిలు ఇంకా ముందు.

ఈ జాబితా ఒట్టిదేం కాదు. ఇబ్బందల్లా, దీన్ని చదివిన వెంటనే మనసులో ఒక పిల్లాడి బొమ్మ గీసుకుంటాం. చెడు స్నేహాలు, చేతినిండా డబ్బు, తిక్క స్వభావం. ఆ బొమ్మ మన ఇంట్లోవాడిది కాదని తేల్చుకుని ఊపిరి పీల్చుకుంటాం.

జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1985లో ఒక చిన్న ఊహతో ఈ ఇబ్బందిని విప్పి చూపించాడు. ఒక దేశంలో ప్రతి ఒక్కరూ రోజుకి ఇరవై సిగరెట్లు తాగుతారనుకోండి. అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎవరికి వస్తోందని పరిశోధిస్తే ఏం తేలుతుంది? ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బని తేలుతుంది. అందరూ తాగుతున్నారు కాబట్టి రోగికీ మామూలు మనిషికీ మధ్య సిగరెట్ తేడాగా కనిపించదు. అసలు కారణం లెక్కకే అందదు. రోజ్ చెప్పిందేమంటే, "ఈ జబ్బు ఎవరికి వస్తోంది" అన్నది ఒక ప్రశ్న, "ఈ ఊళ్లో ఇంతమందికి ఎందుకొస్తోంది" అన్నది మరో ప్రశ్న. మొదటిదాని జవాబు రెండోదానికి సరిపోవాలని లేదు.

వేపింగ్ విషయంలో ఈ రెండు ప్రశ్నలూ ఎప్పుడూ కలగాపులగమవుతూనే ఉంటాయి. స్నేహితులు, దిగులు, స్వభావం లాంటివి ఒక క్లాసులోని నలభైమందిలో ఏ పిల్లాడు ముందు పట్టుకుంటాడో కొంతవరకు చెబుతాయి. క్లాసులో ఇద్దరు పట్టుకుంటారా, పదిమందా అన్నది మాత్రం వాటితో తేలదు. 2011కీ 2019కీ మధ్య అమెరికా పిల్లల స్వభావాలు పద్దెనిమిది రెట్లు మారిపోలేదు. మారింది చేతిలోకొచ్చిన వస్తువు.

ఆ వస్తువు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మా తాతయ్య పదమూడో ఏట దొంగచాటుగా కాల్చిన మొదటి చుట్ట కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. రెండు దమ్ములకే దగ్గి, కళ్లు తిరిగి, పశువుల కొట్టం వెనక వాంతి చేసుకున్నాడట. నెల రోజులు దాని జోలికి పోలేదట. పొగాకు పొగలో గొంతు పట్టేసే గుణం ఒక రకంగా కాపలావాడు. చాలామంది పిల్లలు ఆ కాపలా దాటలేక అక్కడే ఆగిపోయేవారు. చైనాలో ఫార్మసిస్ట్‌గా పనిచేసిన హాన్ లిక్ 2003లో ఇప్పటి ఈ-సిగరెట్‌కి రూపమిచ్చినప్పుడు అందులో వాడిన నికోటిన్‌కీ ఈ గుణం కొంత ఉండేది. విడిగా ఉన్న నికోటిన్ క్షారం. మోతాదు పెరిగేకొద్దీ గొంతులో మంట పుట్టిస్తుంది. అందుకే తొలితరం ద్రవాల్లో దాన్ని ఎక్కువ కలిపేవారు కాదు.

జూల్ ఈ కాపలావాణ్ణి పక్కకి తప్పించింది. నికోటిన్‌కి బెంజోయిక్ యాసిడ్ కలిపి లవణంగా మార్చింది. దాన్నే వ్యాపారంలో నికోటిన్ సాల్ట్ అంటారు. అప్పుడు మంట తగ్గి, గొంతులోకి మెత్తగా దిగుతుంది. దాంతో మిల్లీలీటరుకి 59 మిల్లీగ్రాముల నికోటిన్ పెట్టినా పిల్లలకి పొలమారలేదు. యూరప్ చట్టం అనుమతించే గరిష్ఠం 20 మిల్లీగ్రాములే. ద్రవం నింపి కడ్డీకి తగిలించే చిన్న డబ్బాని పాడ్ అంటారు. ఒక జూల్ పాడ్‌లో పట్టే ద్రవం 0.7 మిల్లీలీటరు, అంటే టీచెంచాలో ఏడోవంతు. అందులో ఒక పెట్టె సిగరెట్లకి సరిపడా నికోటిన్ ఉందని కంపెనీయే చెప్పుకుంది.

మిగతా డిజైన్ కూడా చూడండి. బటన్ ఉండదు. పెదవుల మధ్య పెట్టుకుని పీలిస్తే లోపలి సెన్సర్ అది గ్రహిస్తుంది, బ్యాటరీ కాయిల్‌ని వేడెక్కిస్తుంది, కాయిల్‌కి ఆనుకున్న వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, బూడిద రాలదు, చొక్కాకి వాసన పట్టదు. సిగరెట్ వెలిగిస్తే పది పన్నెండు దమ్ముల్లో అయిపోతుంది, పీక పారేయాలి. దీనికి ఆ ముగింపు లేదు. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య స్కూలు బాత్రూమ్‌లో ఒక్క పీల్పు పీల్చి జేబులో వేసుకోవచ్చు. అమెరికా స్కూళ్లు బాత్రూమ్‌లలో వేప్ డిటెక్టర్లు బిగించుకునేదాకా వెళ్లింది వ్యవహారం.

పైగా ఫ్లేవర్లు. మామిడి, పుచ్చకాయ, బబుల్‌గమ్, చల్లదనం కోసం కూలింగ్ రసాయనం కలిపిన "ఐస్" రకాలు. కనీసం 16,000 రకాల ఫ్లేవర్లున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. సిగరెట్ మానలేక అవస్థపడే యాభై ఏళ్ల మనిషికి వీటిలో కొన్ని అవసరమేమో గానీ, బబుల్‌గమ్ ఎవరికోసమో నాకిప్పటికీ అర్థం కాదు. 2024లో అమెరికాలో వేప్ చేసే స్కూలు పిల్లల్లో 87.6 శాతం మంది ఏదో ఒక ఫ్లేవర్ ఉన్నదే వాడారు.

వస్తువు మారితే అంకె మారుతుందనడానికి బ్రిటన్ ఇంకా మంచి ఉదాహరణ. అక్కడ చట్టం నికోటిన్‌ని 20 మిల్లీగ్రాముల దగ్గర ఆపింది కాబట్టి జూల్ జోరు అక్కడ సాగలేదు. చాలాకాలం పిల్లల వేపింగ్ పెద్ద వార్తే కాదు. 2021 తర్వాత వాడి పారేసే రంగురంగుల డిస్పోజబుల్స్ వచ్చాయి. ఛార్జింగ్ గొడవ లేదు, పాడ్ మార్చే పని లేదు, ధర పాకెట్ మనీకి అందుతుంది. అక్కడ పొగాకు వ్యతిరేక సంస్థ యాష్ చేసే సర్వేలో, వేప్ చేసే 11–17 ఏళ్ల పిల్లల్లో ప్రధానంగా డిస్పోజబుల్ వాడేవాళ్లు 2021లో 7.7 శాతం. 2022కి 52 శాతం, 2023కి 69 శాతం. అదే సమయంలో ఒక్కసారైనా రుచి చూసిన పిల్లలు 2022లో 15.8 శాతం ఉంటే మరుసటి ఏడాదికి 20.5 అయ్యారు. పిల్లలు అవే స్కూళ్లలో, అవే ఇళ్లలో ఉన్నారు. 2025 జూన్ 1 నుంచి బ్రిటన్ ఈ డిస్పోజబుల్స్ అమ్మకాన్ని నిషేధించింది.

మరి స్నేహితుల సంగతేంటి? చాలా సర్వేల్లో పైవరసలో ఉండే కారణం ఇదే. 2021 అమెరికా సర్వేలో మొదటిసారి ఎందుకు తాగావని అడిగితే, ప్రస్తుతం వాడుతున్న పిల్లల్లో 57.8 శాతం మంది చెప్పింది "ఫ్రెండ్ వాడుతున్నాడు" అనే. అయితే ఇక్కడ బాణం ఎటు తిరిగి ఉందో తేల్చడం కష్టం. ఫ్రెండ్ వల్ల మనవాడు మొదలుపెట్టి ఉండొచ్చు. లేదా ఇలాంటి సరదాలున్నవాళ్లు ఒకరినొకరు వెతుక్కుని ఫ్రెండ్స్ అయి ఉండొచ్చు. రెండూ నిజమే. ఒక్క రోజు చేసిన సర్వే ఈ రెండింటినీ విడదీయలేదు. అవే పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడిస్తే తప్ప తెలియదు. ఇంకో సంగతి, స్నేహం అన్నది గొట్టం లాంటిది. దానిలోంచి ఏది ప్రవహిస్తుందన్నది బయట ఏది దొరుకుతోందన్నదాన్ని బట్టే ఉంటుంది. మా తాతయ్యకి చుట్ట ఇచ్చిందీ స్నేహితుడే.

టెన్షన్ గురించీ ఇలాగే జాగ్రత్తగా మాట్లాడాలి. అదే 2021 సర్వేలో ఇప్పుడెందుకు తాగుతున్నావంటే ఎక్కువమంది, 43.4 శాతం, చెప్పిన కారణం "ఆందోళనగా, ఒత్తిడిగా, దిగులుగా ఉంటోంది" అని. మొదలుపెట్టడానికి ఫ్రెండు, కొనసాగడానికి దిగులు. మధ్యలో ఏం జరిగిందన్నదే అసలు కథ. నికోటిన్ పీల్చిన కాసేపటికి మెదడులో దాని ప్రభావం దిగిపోతుంది. చిరాకు, ఆందోళన, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం మొదలవుతాయి. మళ్లీ ఒక పీల్పు పీలిస్తే తగ్గుతాయి. పిల్లాడి అనుభవంలో మాత్రం "టెన్షన్‌గా ఉంది, వేప్ చేశాను, తగ్గింది" అనే ఉంటుంది. టెన్షన్ తెచ్చిందీ, తీర్చిందీ ఒకటేనని వాడికి తెలిసే దారి లేదు. దిగులున్న పిల్లలు ముందే దీనివైపు వెళ్తారన్నదీ నిజమే, వెళ్లాక దిగులు పెరుగుతుందన్నదీ నిజమే. మెదడు ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది, ముఖ్యంగా దూకుడుకి కళ్లెం వేసే ముందుభాగం. అందుకే ఈ వలయం పెద్దవాళ్లకన్నా పిల్లల్లో తొందరగా బిగుసుకుంటుంది.

ఇక "ఇదేం చేస్తుందిలే" అన్న నమ్మకం. ఇది పిల్లల అమాయకత్వమని తీసిపారేయకండి. జూల్ వాడుతున్న 15–24 ఏళ్లవాళ్లలో 63 శాతం మందికి అందులో ఎప్పుడూ నికోటిన్ ఉంటుందన్న సంగతే తెలియదని ట్రూత్ ఇనీషియేటివ్ అనే సంస్థ అధ్యయనంలో తేలింది. పండు వాసన వచ్చే ఆవిరిలో మత్తుమందు ఉంటుందని ఎవరు ఊహిస్తారు? ఆ నమ్మకం ఒక్కసారి కదిలింది కూడా. 2019లో అమెరికాలో వేప్ చేసినవాళ్ల ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతినడం మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి ఆస్పత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2,807 మంది అయ్యారు, వాళ్లలో చనిపోయినవాళ్లు 68 మంది. ఎక్కువ కేసుల్లో దోషి గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అని తర్వాత తేలింది, మామూలు నికోటిన్ పాడ్‌లు కాదు. కానీ భయం ఆ తేడా చూడదు. 2020లో హైస్కూల్ అంకె 19.6కి దిగడంలో ఆ భయానికీ కొంత వాటా ఉండొచ్చు. కొనే వయసు దేశమంతటా 21కి పెంచిన చట్టం కూడా 2019 డిసెంబర్‌లోనే వచ్చింది.

పెద్దవాళ్లని ఎక్కువ భయపెట్టే ప్రశ్న ఇంకోటుంది. ఇది పట్టినవాడు రేపు సిగరెట్ పడతాడా? 2017లో తొమ్మిది అధ్యయనాలని కలిపి చూస్తే, అప్పటిదాకా సిగరెట్ ముట్టనివాళ్లలో ఈ-సిగరెట్ రుచి చూసినవాళ్లలో 30.4 శాతం మంది తర్వాత సిగరెట్ మొదలుపెట్టారు, చూడనివాళ్లలో 7.9 శాతమే. ఇక తేలిపోయిందనిపిస్తుంది. కానీ దేశం మొత్తం లెక్క తీస్తే కథ అడ్డం తిరుగుతుంది. అమెరికా హైస్కూల్‌లో సిగరెట్ తాగేవాళ్లు 2011లో 15.8 శాతం. వేపింగ్ విజృంభించిన ఆ ఎనిమిదేళ్లలోనూ అది మొత్తమ్మీద తగ్గుతూ వచ్చి 2019కి 5.8, 2024కి 1.7 అయింది. వేప్ సిగరెట్‌కి దారి అయితే, దారి నిండా జనం ఉన్నప్పుడు ఊరు ఖాళీ అవడమేంటి? ఒక వాదన ప్రకారం రెండింటికీ మూలం ఒకటే. ఏదో ఒకటి ప్రయత్నించే స్వభావం ఉన్న పిల్లాడు వేప్ లేకపోతే సిగరెట్‌తోనే మొదలుపెట్టేవాడు. మరో వాదన ప్రకారం, వేప్ లేకుంటే సిగరెట్ ఇంకా వేగంగా తగ్గేది. నాకు మొదటి వాదనే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. కానీ అది ఊరట కాదు. సిగరెట్ జోలికి ఎప్పటికీ వెళ్లే అవకాశం లేని మా మేనల్లుడి లాంటివాళ్లు కూడా నికోటిన్‌కి అలవాటయ్యారన్నది ఆ వాదనలో ఎక్కడా ఇమడదు.

మరి నిషేధిస్తే? మన దేశం 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ తెచ్చి, ఆ తర్వాత చట్టం చేసింది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారికి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, అయిదు లక్షల వరకు. అమ్మేవాణ్ణి గురిపెట్టిన చట్టమిది, తాగే పిల్లాణ్ణి కాదు. అది సరైన పనే. అదే ఏడాది జరిగిన జాతీయ సర్వేలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 2.8 శాతం మంది జీవితంలో ఎప్పుడైనా ఈ-సిగరెట్ తాగామన్నారు. ఏదో ఒక పొగాకు వాడుతున్నవాళ్లు 8.5 శాతం. గుట్కా, ఖైనీ, బీడీ ఇంత చవకగా ఇంటిపక్కనే దొరికే చోట వేల రూపాయల చైనా పరికరం తొందరగా పాకదు. ఆ తక్కువ అంకెలో మన క్రమశిక్షణ కన్నా మన జేబుల వాటానే ఎక్కువ అని నా అనుమానం. పైగా అది డిస్పోజబుల్స్ లోకాన్ని ముంచెత్తకముందు తీసిన లెక్క.

నిషేధం ఉన్న మిగతా దేశాల లెక్కలైతే అంత ప్రశాంతంగా లేవు. థాయ్‌లాండ్ 2014లోనే దిగుమతిని ఆపేసింది. అక్కడ 13–15 ఏళ్లవాళ్లలో ప్రస్తుతం వాడేవాళ్లు 2015లో 3.3 శాతం, 2022లో 17.6. బ్రెజిల్‌లో 2009 నుంచి అమ్మకం నిషేధం. 2019లో 13–17 ఏళ్ల విద్యార్థుల్లో 16.8 శాతం మంది ఒక్కసారైనా తాగి చూశారు. ఒకచోట "ప్రస్తుతం", ఇంకోచోట "ఎప్పుడైనా" అని అడిగారు కాబట్టి ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోటీ పెట్టకూడదు. అయినా కాగితం మీద లేని వస్తువు పిల్లల చేతుల్లో ఉందన్నది మాత్రం స్పష్టం. మన దగ్గరా అంతే. హైదరాబాద్‌లో పోలీసులు అప్పుడప్పుడూ వేప్ స్టాకు పట్టుకున్నామని ప్రెస్‌మీట్‌లు పెడుతూనే ఉంటారు. నిషేధం ఉన్నచోట ఇంకో చిక్కు, లోపల ఏం పోశారో అడిగేవాడు ఉండడు. ఆపరేషన్లకి వాడే ఎటోమిడేట్ అనే మత్తుమందు సింగపూర్‌లో పాడ్‌లలోకి చేరింది. 2025 సెప్టెంబర్ నుంచి ఆ దేశం దాన్ని డ్రగ్స్ చట్టం కిందికి తెచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబర్‌లో మొదటిసారి లోకం మొత్తానికి ఒక అంచనా ఇచ్చింది. వేప్ చేసేవాళ్లు పది కోట్లకు పైగా. వాళ్లలో 13–15 ఏళ్ల పిల్లలు కనీసం కోటిన్నర. లెక్కలున్న దేశాల్లో పెద్దవాళ్లకన్నా పిల్లలు వేప్ చేసే అవకాశం సగటున తొమ్మిది రెట్లు. సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్లకోసం అని చెప్పి అమ్మిన వస్తువు లెక్క ఇది.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు ఇండియా వచ్చాడు. ఉద్యోగం చేస్తున్నాడు, మానేసి మూడేళ్లయిందట. డాబా మీద గాలిపటాలు చూస్తూ అసలు ఎలా మొదలై ఎలా సాగిందో చెప్పమంటే వేళ్లమీద లెక్కపెట్టాడు. "ఫస్ట్ మ్యాంగో, మామయ్యా. తర్వాత షాపుల్లో మ్యాంగో తీసేశారు, మింట్‌కి మారాం. మింట్ కూడా తీసేశారు, అప్పుడు డిస్పోజబుల్స్ వచ్చాయి." జూల్ మామిడి పాడ్‌లని షాపుల నుంచి వెనక్కి తీసుకుంది 2018 నవంబర్‌లో. మింట్‌ని ఆపింది 2019 నవంబర్‌లో. 2020 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఫ్లేవర్ పాడ్‌ల మీద ఆంక్షలు పెట్టినప్పుడు డిస్పోజబుల్స్‌ని వదిలేసింది. వాడికి ఆ తేదీలేవీ తెలియవు.

"మరి నీకేది ఇష్టం?" అన్నాను.

"షాపులో ఏది ఉంటే అది," అన్నాడు.